పెట్ స్కాన్: ఇంజెక్షన్ తర్వాత ఆ గంటసేపు మాట్లాడొద్దనేది ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి పెట్-సీటీ స్కాన్ రాశారు. ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదట, ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు ఫోన్లో కూడా మాట్లాడకూడదట. ఆయనకు షుగర్ ఉంది. ఇంటికొచ్చాక మా చంటిపాపను ఎత్తుకోవచ్చా?

జవాబు: ఎక్స్‌రే, సీటీల్లో కిరణాలు బయటి నుంచి వచ్చి ఒంట్లోంచి దూసుకుపోతాయి. పెట్‌లో ఒంట్లోంచే బయటికి వస్తాయి. నరంలోకి ఎక్కించేది ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించిన గ్లూకోజ్ (ఎఫ్‌డీజీ). క్యాన్సర్ కణాల్లాంటి, గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునే కణాల్లోకి అది చేరి అక్కడే చిక్కుకుపోతుంది. ఫ్లోరిన్ నుంచి వెలువడిన పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణం) పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినప్పుడు, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా కిరణాలు రెండు ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లో పోతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్ల వలయం ఆ జంటను పట్టి, అవి ఏ గీత మీద పుట్టాయో లెక్కగడుతుంది.

చిక్కేమిటంటే, పనిచేస్తున్న కండరం కూడా గ్లూకోజ్ లాక్కుంటుంది. మాట్లాడితే స్వరపేటిక దగ్గర, ఏదైనా నమిలితే దవడల్లో బొమ్మ మీద వెలుగు కనిపిస్తుంది. మెడలో గడ్డ ఉందేమోనని చూసే డాక్టరుకు అది పెద్ద తికమక. చలి వేసినా మెడ, భుజాల దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలుగుతుంది. అందుకే దుప్పటి కప్పి పడుకోబెడతారు. ముందు రోజు వ్యాయామం, బరువు పనులు వద్దు.

షుగర్ సంగతి మరీ ముఖ్యం. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే అది ఎఫ్‌డీజీతో పోటీపడి కణాల్లోకి దూరుతుంది, బొమ్మ మసకబారుతుంది. డెసిలీటరు రక్తంలో 200 మిల్లీగ్రాములు దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. తగ్గించాలని అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే ఎఫ్‌డీజీ ఎక్కువగా కండరాల్లోకి పోయి స్కాన్ పాడవుతుంది. ఏ షుగర్ మందు ఎప్పుడు వేసుకోవాలో స్కాన్ సెంటర్‌ను ముందే అడగండి, సొంతంగా మానేయొద్దు. మామూలు మంచినీళ్లు తాగొచ్చు.

ఇంజెక్షన్ దగ్గర మంట, వాపు అనిపిస్తే వెంటనే చెప్పమనండి. మందు నరం బయటికి కారితే కొలతలు తప్పుతాయి.

ఇక పాప సంగతి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమవుతుంది, కొంత మూత్రంలో పోతుంది. 18 గంటలకు మిగిలేది దాదాపు వెయ్యో వంతు. నీళ్లు బాగా తాగి, తరచూ మూత్రానికి వెళ్లమనండి. ఆ రోజుకు పాపను, గర్భిణులుంటే వాళ్లను దూరంగా ఉంచి, మర్నాడు నిశ్చింతగా ఎత్తుకోమనండి.

రిపోర్టు చూసి కంగారుపడొద్దు. మెదడు, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి. క్షయ, ఇన్ఫెక్షన్లు, మానుతున్న గాయాలు కూడా అంతే. ఇటీవల ఆపరేషన్ గానీ బయాప్సీ గానీ జరిగి ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి.