డిసెంబర్ చివరి వారంలో ముంబై నుంచి క్రూయిజ్: ముందు రోజు రాత్రికి తక్కువ ధరలో గది ఎక్కడ చూసుకోవాలి?

ముందుగా ఓడరేవు పక్కనే గది కావాలన్న ఆలోచన వదిలేయండి. సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది.

హనుమకొండ నుంచి అమ్మతో, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం రైల్లో వెళ్తాం, ఓడరేవు పక్కనున్న బల్లార్డ్ ఎస్టేట్ చుట్టుపక్కల హోటల్ రేట్లు చూస్తే క్రూయిజ్ టికెట్‌తో పోటీ పడుతున్నాయి అని రాశారు. నిజమే. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా కొలాబా, ఫోర్ట్ ప్రాంతాల్లో పాత మంచం, చిన్న కిటికీ ఉన్న గదికి కూడా మంచి హోటల్ రేటు చెప్తారు. న్యూ ఇయర్‌కి వచ్చేవాళ్లు, ఓడ ఎక్కేవాళ్లు అందరూ ఆ నాలుగు వీధుల మీదే పడతారు మరి. మేము బాపునూ అమ్మనూ తీసుకుని వరంగల్ నుంచి ఇదే సీజన్‌లో వెళ్లాం. దాదర్‌లో గది తీసుకున్నాం. ఫోర్ట్‌లో ఒక గదికి అడిగిన డబ్బుకు అక్కడ రెండు గదులు వచ్చాయి.

ఓడ ఎక్కేది బల్లార్డ్ పియర్ టెర్మినల్‌లో. దానికి దగ్గరి పెద్ద స్టేషన్ సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్). అక్కడి నుంచి టాక్సీలో కొద్ది నిమిషాల దూరమే. కాబట్టి హోటల్ టెర్మినల్‌కు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, అక్కడి నుంచి సీఎస్‌ఎంటీకి రైలు మారకుండా రావచ్చా అని చూడండి. అలా చూస్తే దాదర్, బైకల్లా, కుర్లా, ఇంకా దూరమైనా పర్వాలేదంటే వాషి కూడా లెక్కలోకి వస్తాయి. విమానంలో వెళ్తే ఇంకో దారి ఉంది. 2025 అక్టోబర్ నుంచి మెట్రో 3 పూర్తిగా నడుస్తోంది. విమానాశ్రయం, మరోల్ వైపు నుంచి నేరుగా సీఎస్‌ఎంటీ దాకా వస్తుంది. అంధేరీ ఈస్ట్‌లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల కోసం ఉన్న హోటళ్లు బోలెడు. పండుగ వారంలో ఆఫీసులకు సెలవులు కాబట్టి అక్కడ రేట్లు కొలాబా అంతగా పెరగవు. పిల్లలతో, సూట్‌కేసులతో లోకల్ రైలు కన్నా మెట్రోనే నయం.

మీరు రైలు అన్నారు కాబట్టి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సంగతి చెప్పాలి. మన వరంగల్, కాజీపేటల మీదుగా నేరుగా సీఎస్‌ఎంటీకి పోయే బండి అది. పొద్దున ఎక్కితే మర్నాడు తెల్లవారకముందే దిగుతారు. ఓడ ఎక్కేది మధ్యాహ్నం కదా, ఇక హోటల్ ఎందుకు అని మా తమ్ముడు వాదించాడు. కుర్రాళ్లు ఇద్దరైతే నేనూ అదే చెప్పేదాన్ని. సామాను క్లోక్ రూంలో పెట్టి, స్నానం చేసి, టిఫిన్ తిని వెళ్లిపోవచ్చు. అమ్మ వెంట ఉన్నప్పుడు మాత్రం వద్దు. బండి ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, చెక్-ఇన్ గేటు ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు. ఆ టెన్షన్‌తో సెలవు మొదలు పెట్టడం నాకు నచ్చదు. ఒక రోజు ముందే దిగండి.

ముందు రోజు దిగితే ఇంకో చిక్కు. మీరు 27న తెల్లవారుజామున దిగుతారనుకోండి. చాలా హోటళ్లలో గది మధ్యాహ్నం 12కో, 2కో ఇస్తారు. అప్పటిదాకా ఐదుగురు లాబీలో కూర్చోవాలి, లేదంటే 26 రాత్రికి కూడా డబ్బు కట్టాలి. అందుకే 24 గంటల చెక్-ఇన్ ఉన్న లాడ్జి వెతకండి. ఎప్పుడు దిగితే అప్పటి నుంచి లెక్క. స్టేషన్ల దగ్గర ఇలాంటివి ఉంటాయి. లేదా సీఎస్‌ఎంటీలోనే రైల్వే రిటైరింగ్ రూం (స్టేషన్‌లో ప్రయాణికులకు అద్దెకిచ్చే గది) ప్రయత్నించండి, పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేయాలి. స్టేషన్‌లో స్లీపింగ్ పాడ్‌లు (పడుకోవడానికి చిన్న అరల్లాంటివి) కూడా ఉన్నాయి కానీ అవి ఎక్కువగా ఒంటరిగా వెళ్లేవాళ్లకే. మీ అమ్మగారిని అందులోకి ఎక్కించమని చెప్పలేను.

బుకింగ్ ఎప్పుడంటే, ఇప్పుడే. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, హోటల్ కోసం అప్పటిదాకా ఆగొద్దు. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గది ముందు పట్టేసుకోండి, ఉచిత రద్దు గడువు దాటకముందు మళ్లీ రేట్లు చూడండి. మాకు అలా చూసినప్పుడే రెండో గది రేటు తగ్గింది. ఇంకోటి, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం, లోపుంటే 5 శాతం. సీజన్ రేటుతో ఆ గీత దాటిన గది బిల్లులో ఇంకా బరువవుతుంది. ఐదుగురికీ ఒక పెద్ద ఫ్యామిలీ రూం కన్నా రెండు చిన్న గదులు చవక పడేది ఒక్కోసారి ఇందుకే.

వర్లీలోనో, భివండీలోనో చుట్టాలున్నారా? మన పద్మశాలీ ఇళ్లలో సగం మందికి ఉంటారు. మా చిన్నమ్మ వాళ్లు కూడా రమ్మన్నారు. ఒకే గది ఇల్లు, మేము సామానుతో దిగితే వాళ్లు ఎక్కడ పడుకోవాలి? పైగా భివండీ నుంచి ఓడరేవు చాలా దూరం. భోజనానికి వెళ్లి వచ్చాం, అంతే.

గది కట్టే ముందు హోటల్‌కే ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా అని అడగండి. దక్షిణ ముంబైలో పాత భవనాలు ఎక్కువ, మూడో అంతస్తుకు చెక్క మెట్లే దిక్కు కావచ్చు. మస్జిద్ బందర్ వైపు చవక లాడ్జీల్లో బాత్‌రూం గదిలోనే ఉందా, బయటా అన్నది కూడా అడగాలి. దాదర్ నుంచి ఓడరేవు దాకా ఆటో దొరకదు, నగరం ఆ భాగంలో ఆటోలను రానివ్వరు. టాక్సీనే, మీటర్ వేయమనండి. ఐదుగురికి సామానుతో ఒక టాక్సీ చాలదు, రెండింటికి లెక్క వేసుకోండి.

మీ ఓడ ఆదివారం బయల్దేరితే మాత్రం వాషి వద్దు. చాలా ఆదివారాల్లో పట్టాల మరమ్మతు కోసం మెగా బ్లాక్ పెడతారు, వాషి నుంచి వచ్చే హార్బర్ లైన్‌లో కొంత భాగంలో పగటిపూట చాలా గంటలు రైళ్లు ఉండవు. సరిగ్గా మీరు బయల్దేరే వేళకే అది పడొచ్చు. ఆ వారం బ్లాక్ ఎక్కడుందో సెంట్రల్ రైల్వే ముందే ప్రకటిస్తుంది, శనివారం ఒకసారి చూసుకోండి.