పద్దెనిమిది వేల కోర్సు కట్టాలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా పాప ఇంటర్ దాకా ఫోన్ తప్ప కంప్యూటర్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఒంగోలులో బీకాం కంప్యూటర్స్‌లో చేరింది. ల్యాబ్‌లో పక్కవాళ్లు చకచకా కొడుతుంటే తనకు చేతులు ఆడటం లేదని ఫోన్ చేసి ఏడుస్తోంది. ఒక సెంటర్‌వాళ్లు ఆరు నెలల కోర్సుకు పద్దెనిమిది వేలు అడుగుతున్నారు. కట్టమంటారా సార్? – ఒక తల్లి

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. అలాంటి ప్యాకేజీల్లో సీ, జావా, ట్యాలీ, ఫోటోషాప్ అన్నీ కలిపి అంటగడతారు. పాపకు అడ్డం పడుతున్నది అవి కావు. ఫోన్‌లో ఫోటో తీస్తే తనంతట తానే గ్యాలరీలోకి పోతుంది. కంప్యూటర్ మాత్రం ఏది ఎక్కడ పెట్టాలో మనల్నే అడుగుతుంది. మార్కాపురం కుర్రాడొకడు అసైన్‌మెంట్ టైపు చేసి సేవ్ కొట్టాడు. మర్నాడు దొరకలేదని మళ్లీ మొదటినుంచి కొట్టాడు. అలా మూడుసార్లు! నేను చూస్తే డాక్యుమెంట్1, డాక్యుమెంట్2, డాక్యుమెంట్3 అని మూడూ ఒకే ఫోల్డర్‌లో వరసగా ఉన్నాయి. ఫైలుకు పేరు పెట్టాలని వాడికి ఎవరూ చెప్పలేదు పాపం.

మొదటి నెల ఇదే పని పెట్టుకోమనండి. ఫైలుకు పేరు పెట్టడం, ఫోల్డర్‌లో దాచడం, మళ్లీ తెరవడం, మెయిల్‌కు జతచేసి పంపడం. రోజూ అరగంట టైపింగ్. ఎఫ్, జే మీటల మీద చిన్న గీతలుంటాయి, చూపుడువేళ్లు వాటిమీద ఆనించి, కిందికి చూడకుండా కొట్టాలి. పది రోజులు నత్తనడకే, టెన్షన్ అక్కర్లేదు. ఎక్సెల్‌లో మెస్ బిల్లు, కనిగిరి బస్ ఛార్జీలు, రీఛార్జ్ వేసుకుని, అన్నీ తనే కూడిపెట్టే ఆటోసమ్ బటన్ కొడితే సగం భయం పోతుంది. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ వెబ్‌సైట్‌లో లిబ్రే ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటివే ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్) పాఠాలు తెలుగులోనే ఉచితంగా దొరుకుతాయి.

సర్టిఫికెట్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ వారి సీసీసీ అనే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు ఉంది. దాని సిలబస్ మొత్తం 80 గంటలే. రోజుకు రెండు గంటల చొప్పున నలభై రోజులు. మరి ఆరు నెలలు ఎందుకో ఆ సెంటర్‌వాళ్లనే అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పాప పేరుతో, పాప నంబరుతో సొంత మెయిల్ ఐడీ ఉండాలి. నేను చదువుకునే రోజుల్లో ఒక నెట్ సెంటర్ ఆయన నా ఉద్యోగ దరఖాస్తులో తన మెయిలే ఇచ్చేశాడు. హాల్‌టికెట్ వచ్చిన సంగతి పరీక్ష అయిపోయాక తెలిసింది. అప్లికేషన్లు ఇక నుంచి పాపనే నింపమనండి. ఫోటో ఫైలు సైజును 50 కేబీకి తగ్గించడం లాంటివి అక్కడే వస్తాయి. సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు కూడా తనే తెరిచి చూసుకోవాలి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదు, నెట్ సెంటర్ అన్నకైనా సరే.

ల్యాప్‌టాప్‌కూ తొందర లేదు. ఈ సెమిస్టర్ కాలేజీ ల్యాబ్ చాలు. తర్వాత సెకండ్ హ్యాండ్‌ది కొన్నా 8 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్) ఉన్నదే చూడండి.