డబ్బా మీద 12 గంటలు, టేబుల్ మీద రెండున్నర

నరసరావుపేట నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయి ఇంటర్ సప్లిమెంటరీకి చదువుతున్నాడు. రాత్రి కరెంటు పోగానే పుస్తకం మూసేసి డాబా ఎక్కేస్తున్నాడు. ఛార్జింగ్ ఫ్యాన్ కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే ఆరొందల నుంచి మూడు వేల దాకా ఉన్నాయి. ఒకదాని మీద 4000 ఎంఏహెచ్, 12 గంటలు వస్తుందని రాశారు. నమ్మొచ్చా? 1,500 దాటకుండా ఏది తీసుకోమంటారు?

12 గంటలు అబద్ధమేమీ కాదండీ. కాకపోతే అది అన్నిటికంటే తక్కువ స్పీడులో పెట్టి వేసిన లెక్క. ఆ స్పీడుకి మీవాడి నోట్సు పేజీ కూడా కదలదు.

అసలు లెక్క మీరే వేసుకోవచ్చు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె. దాన్ని వెయ్యితో భాగించి 3.7తో గుణించండి, అది ఈ ఫ్యాన్లలో ఉండే లిథియం బ్యాటరీ వోల్టేజి. 4000 ఎంఏహెచ్ అంటే 14.8 వాట్-అవర్లు, అంటే ఒక వాట్ లాగే వస్తువు 14.8 గంటలు నడుస్తుంది. బ్యాటరీలో ఉన్న సరుకు అంతే. 8 అంగుళాల ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఆరు వాట్లు లాగుతుందనుకోండి, రెండున్నర గంటల్లో ఆగిపోతుంది. మధ్య స్పీడులో మూడు వాట్లయితే ఐదు గంటలకి కొంచెం తక్కువ. 12 గంటలు రావాలంటే ఒకటింపావు వాట్‌తో తిరగాలి. అందుకే గంటల అంకె వదిలేసి వాట్లు ఎంతో వెతకండి. ‘5 వోల్ట్, 2 ఆంప్’ అని రాసుంటే అది చాలాసార్లు ఛార్జింగ్‌కి సంబంధించింది, ఫ్యాన్ తిరగడానికి కాదు. వాట్లు ఎక్కడా రాయలేదంటే నేనైతే పక్క ఫ్యాన్ చూస్తాను.

ఇక సైజు. చేతిలో పట్టుకునే నాలుగంగుళాల ఫ్యాన్ కంటే ఎనిమిదంగుళాల దాని రెక్కలు తిరిగే చోటు నాలుగు రెట్లు. చిన్నది అంత గాలి ఇవ్వాలంటే గిర్రుగిర్రున తిరగాలి, అప్పుడు దోమలా రొద పెడుతుంది. చదువుకునే పిల్లాడి చెవి పక్కన అది పనికిరాదు. ఎనిమిదంగుళాలకి దగ్గరలో, టేబుల్ అంచుకి బిగించే క్లిప్పు ఉన్నది చూడండి. అదే ధరలో బీఎల్‌డీసీ మోటారు దొరికితే ఇంకా మంచిది. అరిగిపోయే బ్రష్‌లుండవు, కరెంటు తక్కువ తాగుతుంది.

మీ బడ్జెట్‌కి నా సలహా మాత్రం వేరు. బ్యాటరీ ఉన్న ఫ్యాన్ కొనకండి. బ్యాటరీ లేని యూఎస్‌బీ ఫ్యాన్ ఒకటి తీసుకుని, పవర్ బ్యాంకుకి తగిలించండి. ఇలాంటి ఫ్యాన్లలో ముందు చచ్చేది బ్యాటరీ, మోటారు కాదు. బ్యాటరీ లోపల అతికించేసి ఉంటే మోటారు బాగున్నా మొత్తం పారేయాల్సిందే. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది, సుమారు 6000 దగ్గర. కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదవండి, మీకు దక్కేది అదే. ఆ అంకె యూఎస్‌బీ బయటికిచ్చే 5 వోల్టుల లెక్కది కాబట్టి ఇక్కడ 3.7 బదులు 5తో గుణించాలి. అది 30 వాట్-అవర్లు, ఐదు వాట్ల ఫ్యాన్‌కి ఆరు గంటలు. ఎండాకాలం అయ్యాక పవర్ బ్యాంకు మీ ఫోనుకి పనికొస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఒకటుంటే ఖర్చు ఫ్యాన్‌కే. కొత్త పవర్ బ్యాంకు కొంటే దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు రాకపోతే ఆ బ్యాటరీని పిల్లాడి మంచం దగ్గర పెట్టొద్దు.

షాపువాడు ఇటుకంత బరువున్న పాతరకం ఛార్జింగ్ ఫ్యాన్ చూపిస్తే అందులో ఉన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీ. మా అమ్మమ్మ అలాంటిదాన్ని జూలైలో పాత చీరలో చుట్టి అటకెక్కించేది. ఓ ఏడాది మే నెలలో దింపి ప్లగ్గులో పెడితే ఎర్రలైటు వెలిగింది గానీ రెక్క కదల్లేదు. రిపేరు కుర్రాడు వెనక మూత తీసి, “ఖాళీ బ్యాటరీని పది నెలలు పడుకోబెట్టారు, ఇంకేం లేస్తుందండీ” అన్నాడు. లిథియం దానికంటే ఓపికైనదే. అయినా సీజన్ అయ్యాక సగం ఛార్జింగ్‌తో దాచి, రెండు మూడు నెలలకోసారి కాస్త ఎక్కించండి.

ఒక్క జాగ్రత్త. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటని ఆరబెడుతుంది, అంతే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వాడొద్దని, ఒంటికి వేడే ఎక్కుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ పల్నాడు రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఈ ఫ్యాన్ ముందు కూర్చోవడమంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే. ఆ పూట తడి తువ్వాలు భుజాన వేసుకుని నీడపట్టున ఉండటమే నయం. రాత్రి చదువుకి ఫ్యాన్ సరిపోతుంది.

రాజమండ్రి నుంచి ఒకరు: 999 రూపాయలకి ‘మినీ ఏసీ’ అని ప్రకటన వస్తోంది. నీళ్లు పోస్తే గది చల్లబడుతుందట. నిజమేనా?

అది ఏసీ కాదు, గుప్పెడంత కూలర్. అందులో 300 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయనుకుందాం, మూడు గంటల్లో ఆవిరైపోతాయనుకుందాం. ఆ నీళ్లు ఆవిరయ్యేటప్పుడు లాక్కునే వేడి దాదాపు 67 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడే వంద వాట్ల దాకా ఉంటుంది. మీరొక్కరు ఆ గదిలో ఉంటే చాలు, మినీ ఏసీ ఓడిపోతుంది. ఒక టన్ను ఏసీ లాగేసేది 3,500 వాట్లు. పైగా మీది గోదావరి ఒడ్డు. ఒంటిమీద చెమటే ఆరని చోట గదిలోకి ఇంకా తేమ వదలడం దేనికి? అనంతపురం లాంటి పొడిగాలి ఊళ్లో, కిటికీ తీసి, మొహానికి అడుగు దూరంలో పెట్టుకుంటే కాస్త హాయిగా ఉంటుంది. మీరు మాత్రం ఆ డబ్బుతో మంచి యూఎస్‌బీ ఫ్యాన్ కొనుక్కోండి.

హైదరాబాద్ నుంచి ఒకరు: మెట్రోకి నడిచేటప్పుడు వేసుకుందామని మెడ ఫ్యాన్ కొన్నాను. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి రెండువైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో పెడితే ఛార్జింగ్ ఎక్కట్లేదు. పాడైందా?

పాడవలేదు, పిసినారితనంతో తయారైంది. టైప్-సి ఛార్జర్ అవతల ఏదో ఉందని తెలిస్తేనే కరెంటు వదులుతుంది. ఆ సంగతి చెప్పే రెండు రెసిస్టర్లు పైసల్లో దొరుకుతాయి. చవక వస్తువుల్లో వాటినే ఎగ్గొడతారు. పాత ఫోన్ ఛార్జర్ తీసి, ఒకవైపు వెడల్పు యూఎస్‌బీ, రెండోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో పెట్టండి, ఎక్కుతుంది. అన్నట్టు, ‘రెక్కల్లేని’ మెడ ఫ్యాన్ అన్నా లోపల చిన్న రెక్కలుంటాయి. గాలి లాగే రంధ్రాల వైపు జుట్టు పడకుండా ముడేసుకోండి.

ఖమ్మం నుంచి ఒకరు: అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్తున్నాం. ఛార్జింగ్ ఫ్యాన్ పెద్ద సూట్‌కేసులో పెట్టొచ్చా?

వద్దు, చేతిసంచిలో పెట్టుకోండి. లిథియం బ్యాటరీ ఉన్నవాటిని క్యాబిన్‌లోకి తీసుకెళ్లడమే పద్ధతి. పవర్ బ్యాంకునైతే చెకిన్ లగేజీలో అసలు ఒప్పుకోరు. హద్దు వంద వాట్-అవర్లు. ఇందాకటి లెక్క ప్రకారం 4000 ఎంఏహెచ్ ఫ్యాన్ అయితే అందులో ఆరో వంతు కూడా ఉండదు. స్విచ్ సంచిలో నొక్కుకుపోకుండా చూసుకోండి, స్కానర్ దగ్గర అది సంచిలో తిరుగుతూ కనిపిస్తే అందరి ముందూ విప్పిస్తారు.