ల్యాబ్ కట్టే ముందు మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీడిమెట్లలో మీ ప్లాంటు పక్కన ఖాళీగా ఉన్న షెడ్డులో పరిశోధన ల్యాబ్ పెడతావని తెలిసి ఎంతో సంతోషించాను. బావగారు ఇన్నేళ్ళూ కొనుగోలుదారులు ఇచ్చిన పద్ధతిలోనే సరుకు తయారుచేశారు. మన పద్ధతి మనకు ఉండాలన్న పట్టుదల నీకు కలిగినందుకు గర్వంగా ఉంది.

అయితే నువ్వు పంపిన లెక్కల కాగితంలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ల్యాబ్ మీద కోటి రూపాయలు పెడితే పన్ను వేసే ఆదాయంలోంచి రెండు కోట్ల మినహాయింపు వస్తుందని రాశావు. ఎవరు చెప్పారో గానీ అది పాత మాట. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 35(2ఏబీ) సెక్షన్ కింద, కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ అయిన డీఎస్‌ఐఆర్ ఆమోదించిన సొంత పరిశోధన విభాగం ఖర్చుకు 2010-11 నుంచి 200 శాతం మినహాయింపు ఉండేది. 2017 ఏప్రిల్ 1 నుంచి దాన్ని 150 చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి 100కు దించారు. అంటే ఇప్పుడు ఖర్చుపెట్టిన రూపాయికి రూపాయే మినహాయింపు. పైసా కూడా అదనం లేదు.

ఇది పన్నులో ఎంత తేడా తెస్తుందో చూడు. రెట్టింపు ఉన్న రోజుల్లో 30 శాతం రేటు మీద కోటి ఖర్చుకు 60 లక్షల పన్ను తగ్గేది. మీ కంపెనీ కొన్ని రాయితీలు వదులుకుని 22 శాతం రేటు తీసుకుంది. సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం అవుతుంది. అంటే కోటికి నీకు తగ్గే పన్ను పాతిక లక్షలు. మిగిలిన 75 లక్షలూ నీ సొంత డబ్బు. నువ్వు తలపెట్టిన పద్ధతి వల్ల దిగుబడి పెరిగో, సాల్వెంటు ఖర్చు తగ్గో, మలినాలు తగ్గి మంచి ధర పలికో ఆ 75 లక్షలు వెనక్కి వస్తాయనుకుంటేనే ల్యాబ్ కట్టు. పన్ను కోసమే కట్టేటట్టయితే వద్దు. రాయితీ పెంచేదీ తగ్గించేదీ బడ్జెట్టు. ల్యాబ్‌లో నెలనెలా జీతాలు ఇవ్వాల్సింది మాత్రం నువ్వు.

22 శాతం రేటు ఎంచుకున్నందుకు పరిశోధన రాయితీ చేజారిందని బాధపడ్డావు. ఆ బాధ అక్కర్లేదు. 115బీఏఏ కింద ఆ రేటు తీసుకున్న కంపెనీకి 35(2ఏబీ) వర్తించదన్నది నిజమే, ఆ ఎంపికను వెనక్కి తీసుకోవడానికి వీలు లేదన్నదీ నిజమే. కానీ 35(1)లోని మొదటి, నాలుగో ఉపనిబంధనలు నీకు మిగిలే ఉన్నాయి. నీ వ్యాపారానికి సంబంధించిన శాస్త్ర పరిశోధన అయితే జీతాలు, రసాయనాల ఖర్చు మొత్తం మొదటిదాని కింద ఆదాయంలోంచి తీసివేయవచ్చు. పరికరాల వంటి మూలధన ఖర్చును నాలుగోదాని కింద పెట్టిన ఏడాదిలోనే పూర్తిగా తీసివేయవచ్చు. మామూలు యంత్రాల మీద తరుగుదల ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వస్తుంది కదా, ఇక్కడ ఒకేసారి వస్తుంది. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. 35(2ఏబీ)లో భూమి ఖర్చుతోపాటు భవనం ఖర్చుకూ మినహాయింపు ఇవ్వరు. నాలుగో ఉపనిబంధనలో భూమి ఒక్కటే బయట ఉంటుంది. కాబట్టి షెడ్డును ల్యాబ్‌గా మార్చే కట్టుబడి ఖర్చుకు బిల్లులన్నీ విడిగా దాచు. ఇలా తీసివేసిన ఆస్తి మీద మళ్ళీ తరుగుదల అడగకూడదు. ఆ పరికరాన్ని వేరే పనికి వాడకుండా అమ్మేస్తే వచ్చిన డబ్బు, తీసుకున్న మినహాయింపు మేరకు, ఆ ఏటి వ్యాపార ఆదాయంలో కలుస్తుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలు కాబట్టి సెక్షన్ల సంఖ్యలు మారతాయి. నేను రాసినవి పాత సంఖ్యలు. మీ ఆడిటరు చేత కొత్తవి పక్కన వేయించుకో.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. రెట్టింపు మినహాయింపు ఉన్న కాలంలో నేను మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఖాతాలు చూసేవాణ్ణి. మంచి ల్యాబ్ ఉండేది, నిజంగానే పరిశోధన జరిగేది. కానీ కెమిస్టులు పొద్దున పరిశోధన చేసి, మధ్యాహ్నం అమ్మకానికి వెళ్ళే బ్యాచ్‌లకు నాణ్యత పరీక్షలు చేసేవారు. హాజరు పట్టీ ఒకటే. వాళ్ళ జీతాలు మొత్తం పరిశోధన ఖాతాలో వేశాం. పరిశీలనకు వచ్చినవారు, సరుకులో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ యంత్రం లాగ్‌బుక్ తెరిచారు. పేజీ పేజీకీ అమ్మకపు బ్యాచ్ నంబర్లే. డీఎస్‌ఐఆర్ ఇచ్చే, ఎంత పరిశోధన ఖర్చు ఒప్పుకున్నారో చెప్పే 3సీఎల్ నివేదికలో మా ఖర్చు బాగా తగ్గిపోయింది. న్యాయంగా రావలసిన భాగాన్ని కూడా మేము రుజువు చేయలేకపోయాం. పన్ను అధికారులు అసెస్‌మెంటులో కొట్టేశారు, అప్పీలు ఏళ్ళ తరబడి సాగింది. ఆ ల్యాబ్‌లో రాత్రింబగళ్ళు కష్టపడిన పిల్లల పని కాగితం మీద లేనట్టే అయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అందుకే మొదటి రోజు నుంచే విడదీయి. రోజువారీ నాణ్యత పరీక్ష పరిశోధన కిందికి రాదు. ల్యాబ్‌కు విడిగా గది, విడిగా మనుషులు, విడిగా లెడ్జరు ఉండాలి. ఒక పరికరం రెండు పనులకూ తప్పదంటే గంటలు రాసి ఆ నిష్పత్తిలో ఖర్చు పంచు. కెమిస్టు ఏ రోజు పని ఆ రోజే, తేదీ వేసి, సంతకం చేసి నోట్‌బుక్‌లో రాయాలి. విఫలమైన ప్రయోగం తప్పకుండా రాయాలి. పరిశోధన జరిగిందనడానికి విఫలమైన ప్రయోగాన్ని మించిన సాక్ష్యం లేదు. ఏడాది చివర కూర్చుని అల్లిన నోట్‌బుక్‌ను చూడగానే పట్టేస్తారు.

నీ పద్ధతికి పేటెంటు వస్తే 115బీబీఎఫ్ సంగతీ చూసుకో. మన దేశంలో రిజిస్టరైన పేటెంటు మీద వచ్చే రాయల్టీకి 10 శాతమే పన్ను, సర్‌ఛార్జి, సెస్సు అదనం. ఆ ఆవిష్కరణ ఖర్చులో కనీసం 75 శాతం ఇక్కడే జరిగి ఉండాలి. అయితే అది పేటెంటును ఇతరులకు ఇచ్చి పొందే రాయల్టీకే. నీ ప్లాంటులో నువ్వే వాడుకుని సరుకు అమ్మితే ఆ లాభానికి ఈ రేటు రాదు. పైగా రాయల్టీలోంచి ఏ ఖర్చూ తీసివేయనివ్వరు.

డీఎస్‌ఐఆర్ గుర్తింపు ఇప్పుడు నీ పన్నుకు అవసరం లేకపోయినా దరఖాస్తు చేయమనే అంటాను. వాళ్ళు అడిగే కాగితాలు సిద్ధం చేసుకునే క్రమంలోనే నీ ల్యాబ్ ఒక పద్ధతిలో పడుతుంది. కొనుగోలుదారులకూ నమ్మకం కలుగుతుంది.

వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను. గత మూడేళ్ళ లెడ్జర్లు, ఇప్పుడున్న హెచ్‌పీఎల్‌సీ లాగ్‌బుక్ తీసి ఉంచు. ముందు ఆ లాగ్‌బుక్కే చూద్దాం. బావగారిని, అక్కయ్యను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య