రికార్డులను చూసి ప్లేయర్ కొను

విజయవాడ, సత్యనారాయణపురం.

చి. సుధకు మామయ్య ఆశీస్సులు.

తాతయ్య రికార్డులు వినడానికి కొందామనుకుంటున్న వాటి జాబితా వాట్సాప్‌లో పంపావు కదా, చూశాను. ప్లేయరు, ఆంప్లిఫయరు, నీ భుజం దాకా వచ్చే స్పీకర్లు, బొటనవేలంత లావు తీగలు, అన్నీ రాశావు. తాతయ్య బీరువాలో ఏ రకం రికార్డులున్నాయో మాత్రం రాయలేదు. నువ్వు చూసే ఆ వీడియోలు చేసేవాళ్ల దగ్గరున్న రికార్డులు వేరు, గుంటూరులో నీ దగ్గరున్నవి వేరు. డబ్బు తీసే ముందు ఒక ఆదివారం కూర్చుని వాటిని మూడు దొంతులు చెయ్యి.

బరువుగా ఉండి, జారిపడితే పెంకులా పగిలేవి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. లక్కతో చేసినవి. నాటకాల పద్యాలు, తొలినాటి సినిమా పాటలు వాటిమీదే వచ్చాయి. 7 అంగుళాలవి ఈపీలు, ఎక్కువగా నిమిషానికి 45 చుట్లు తిరిగేవి. 12 అంగుళాలవి ఎల్పీలు, 33⅓ చుట్లు. అయితే సైజు చూసి వేగం తేల్చేయకు, 7 అంగుళాల్లోనూ 33⅓వి ఉంటాయి. లేబుల్ మీద చూసుకో.

78లు నాలుగో అయిదో ఉంటే వాటికోసం పాకులాడకు. ఒక దొంతి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఇప్పుడొచ్చే ప్లేయర్లలో చాలావాటికి 33, 45 తప్ప 78 వేగం లేదు. పైగా ముల్లు కూడా వేరే కావాలి. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యో వంతు కూడా ఉండదు, 78ది అలాంటివి దాదాపు మూడు వంతులు. సన్నముల్లు ఆ వెడల్పాటి గాడిలో అడుగుకి దిగిపోయి, అక్కడ పేరుకున్న మురికినే పాడుతుంది. ఆడియో టెక్నికా ఎల్పీ120ఎక్స్ అనే ప్లేయరుకి మూడు వేగాలూ ఉన్నాయి. ముల్లుని పట్టుకుని దాని అదురుని కరెంటు సంకేతంగా మార్చే చిన్న డబ్బీని కాట్రిడ్జి అంటారు, ఈ ప్లేయరుతో వచ్చే వీఎం95 కాట్రిడ్జికి 78 ముల్లు విడిగా దొరుకుతుంది. వేళ్లతో లాగి మార్చుకోవచ్చు. ఆ ముల్లు గాడి మీద మోపాల్సిన బరువు వేరు, డబ్బా మీద రాసి ఉంటుంది. 78లు లేకపోతే ఇంకా చవకలో చూడొచ్చు.

సూట్‌కేసు లాంటి ముచ్చటైన ప్లేయర్లు వద్దు. వాటిలో చాలావాటికి ఉండేది సిరామిక్ కాట్రిడ్జి, గాడి మీద అయిదు గ్రాముల దాకా మోపుతుంది. మంచి కాట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. స్పీకరూ అదే పెట్టెలో ఉండటంతో దాని అదురు ముల్లుకి తగులుతుంది. ఇక ఇత్తడి పూవున్న గ్రామఫోను హాల్లో అలంకారానికి పెట్టుకుంటే పెట్టుకో, దానిమీద ఎల్పీ వేశావంటే ఆ ఎల్పీ పని అయిపోయినట్టే.

మీ ఆడపడుచు డల్లాస్‌ నుంచి తన పాత ప్లేయరు పంపిస్తానందని రాశావు. తొందరపడి ఒప్పుకోకు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిల్స్ (హెర్ట్జ్). మనది 230, 50. వోల్టేజీ సంగతి ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది, సైకిల్స్‌ని అది మార్చలేదు. పాత ప్లేయర్లలో చాలావాటి మోటారు తిరిగేది ఆ సైకిల్స్ లెక్కమీదే. అలాంటిది ఇక్కడ పెడితే ఆరింట అయిదు వంతుల వేగంతో తిరుగుతుంది. 33⅓ కాస్తా 28కి దిగుతుంది, శ్రుతి మూడు మెట్లు కిందికి జారుతుంది. ఘంటసాల గొంతు నిద్రమత్తులో పాడినట్టుంటుంది. 50 సైకిల్స్‌కి సరిపోయే పుల్లీ దొరికితే సర్దుకోవచ్చు. డీసీ మోటారుదైతే ఈ గొడవే లేదు. వెనక అంటించిన రేకు ఫొటో తీసి పంపమను, చూసి చెబుతాను.

కాట్రిడ్జి నుంచి వచ్చే సంకేతం ఎంత చిన్నదంటే, మామూలుగా వాడే మూవింగ్ మాగ్నెట్ రకంలో నాలుగైదు మిల్లీవోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. లేకపోతే మృదంగం తొప్పి దెబ్బకి గాడి పక్క గాడిలోకి పోతుంది. దాన్ని మళ్లీ సరిచేసి, పెంచి ఇచ్చేదే ఫోనో ప్రీఆంప్. కొన్ని ప్లేయర్లలో లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని స్విచ్చి ఉంటుంది. స్విచ్చి లైన్ మీద పెట్టి ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్టులో గుచ్చితే రెండుసార్లు పెరిగి బొంగురుగా అరుస్తుంది. ఫోనో మీద పెట్టి మామూలు సాకెట్టుకిస్తే దోమ పాడినట్టుంటుంది. రెండింట్లో ఏది జరిగినా ప్లేయరు పాడైందని షాపుకి పరుగెత్తకు.

స్పీకర్ల దగ్గరే నీతో నాకు పేచీ. మీ బ్రాడీపేట గది పదడుగులకి పన్నెండు. అందులో రెండు స్తంభాలు నిలబెడితే మంద్రం మూలల్లో చేరి గుమ్ గుమ్మంటుంది తప్ప పాట వినపడదు. చిన్న పెట్టెలు, బల్లమీద పెట్టే రకం, కొను. వాట్లు చూసి మోసపోకు. వాట్లు రెట్టింపు చేస్తే మోత పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొంచెమే. అందుకని స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ చూడు, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే డెసిబెల్స్ అంకె. 88, 90 ఉన్నదైతే 30, 40 వాట్ల ఆంప్లిఫయరు ఆ గదికి ధారాళం. మిగిలిన డబ్బు మంచి స్పీకర్లకీ, ముల్లుకీ పెట్టు. తీగల మీద పెట్టకు, మామూలు రాగి తీగ చాలు.

స్పీకర్లని గోడకి అడుగు, అడుగున్నర ఎడంగా, మూలకి దూరంగా, తారం పలికే చిన్న స్పీకరు, అదే ట్వీటరు, నీ చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టు. రెండింటి మధ్య ఎంత దూరమో నువ్వు కూర్చునే చోటికీ అంతే. నేలంతా టైల్స్ కాబట్టి స్పీకర్లకీ నీకూ మధ్య ఒక తివాచీయో దళసరి బొంతో పరిచి విను, తేడా నీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పరీక్ష. తాతయ్య సినిమా రికార్డుల్లో చాలా భాగం మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేవి. స్పీకర్లు సరిగ్గా కలిపావో లేదో వాటితోనే తేలుతుంది. మోనో రికార్డు వేసినప్పుడు గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, గాలిలోంచి రావాలి. అలా కాక గది అంతా పరుచుకుని, మంద్రం పలచబడితే ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయన్నమాట. ఆంప్లిఫయరుకి మోనో మీట ఉంటే ఇంకా మంచిది, అది నొక్కితే ముల్లు కిందికీ పైకీ ఎగరడంతో వచ్చే చిటపటల్లో కొంత పోతుంది.

వేగం నిలకడగా ఉందో లేదో తేల్చడానికి వీణ ఎల్పీ వెయ్యి. కచేరీకి ముందు తంబుర ఒక్కటే మోగే చోటు ఉంటుంది చూశావూ, అక్కడ శ్రుతి ఊగినట్టుంటే బెల్టు సాగింది, లేదా రికార్డు చిల్లు నడిమధ్యన లేదు. మరో రికార్డు వేస్తే ఏదో తెలుస్తుంది.

ప్లేయరు ఎక్కడ పెట్టాలో మీ ఇల్లు కట్టిన మేస్త్రీయే ఏర్పాటు చేశాడు. హాల్లో గోడలోకి దిగిన కడప రాయి అర ఉంది కదా, దాన్ని మించిన చోటు లేదు. పిల్లలు గెంతినా అదురు అంత దూరం పోదు. రసమట్టం పెట్టి నాలుగు వైపులా సమంగా ఉందో లేదో చూడు. స్పీకర్లు మాత్రం ఆ అరమీద పెట్టకు.

పాటకి ముందు గుయ్యిమని మోత వస్తే చాలాసార్లు ఎర్తు సంగతి. ప్లేయరు నుంచి వచ్చే సన్న తీగని ఆంప్లిఫయరు వెనక ఎర్తు మరకి బిగించు. అప్పటికీ పోకపోతే గోడ సాకెట్టులో మూడో పిన్నుకి అసలు ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు, అది పాట కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. ఫ్యాను రెగ్యులేటరు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు కూడా గీ అనిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు పాట ఆపేయి.

బూజు పట్టిన ఎల్పీలని ముందు కడగాలి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే తుడువు, లేబుల్ తడవనీయకు. 78లకి మాత్రం ఆల్కహాల్ చుక్క తగలకూడదు, లక్క కరిగిపోతుంది. వాటికి ఒట్టి డిస్టిల్డ్ నీళ్లే.

రికార్డులు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి, పడమటి గోడకీ అటక మీదా పెడితే ఎల్పీలు అప్పడాల్లా వంకర్లు పోతాయి. బీరువా అడుగు అర ఖాళీగా ఉంచు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నేలమీద ఉన్నదేదీ మిగల్లేదు.

కొన్న డబ్బాలు, థర్మాకోల్ పారేయకు, రిపేరుకి పంపాలంటే అవే కావాలి. ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ తక్కెడ నా దగ్గర ఉంది, దసరాకి వచ్చినప్పుడు తెస్తాను. ఈలోపు ముల్లుని మోసే చెయ్యి, అదే టోన్ ఆర్మ్, దాని మీది అంకెల ప్రకారం ఎల్పీ ముల్లుకి రెండు గ్రాములు పెట్టుకుని వాడుకో. డబ్బు కట్టే ముందు మోడల్ నంబరు నాకొకసారి పంపు.

ఇట్లు,
మీ మామయ్య