తాతమ్మగారి రాతపుస్తకం గురించి మేనకోడలికి

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మీ మేనమామ ఆశీర్వదించి రాయునది.

పర్లాకిమిడి ఇంటి అటక మీది పెట్టెలో మీ నాన్నగారి నాయనమ్మ రాసుకున్న పుస్తకం దొరికిందనీ, దానికి లామినేషన్ చేయించి దేవుడి గదిలో పెడదామని ఇంట్లో అనుకుంటున్నారనీ నీ ఉత్తరంలో చదివి వెంటనే జవాబు రాస్తున్నాను. లామినేషన్ మాట మాత్రం ఇవాళే ఆపించు. వేడికి కాగితాన్ని పట్టుకున్న ఆ ప్లాస్టిక్ పొరను తరవాత ఎవరూ చిరగకుండా ఊడదీయలేరు. కాగితంలోని ఆమ్లం మాత్రం లోపల తన పని చేసుకుపోతూనే ఉంటుంది. ఉద్యోగకాలమంతా రికార్డు గదిలో గడిపినవాడిగా నేను పట్టుకున్న నియమం ఒక్కటే: రేపు మరొకరు విప్పలేని పని ఏదీ పాత కాగితానికి చేయకూడదు. సెల్లోటేపు, ఫెవికాల్, స్టేప్లరు పిన్నులు, పుట అంచున బాల్‌పెన్నుతో వేసే సంఖ్యలు, అన్నీ ఈ నియమం కింద నిషిద్ధాలే.

పుస్తకం రెండు వందల ఏళ్ళ నాటిదని మీ బాబాయిగారు అంటున్నారని రాశావు. పెద్దల మాటను ఎదురుగా కాదనవద్దు, అలాగని దాన్నే తేదీగా రాసిపెట్టుకోనూ వద్దు. యంత్రం మీద గీసిన నీలి గీతలున్నాయని నీవే చెబుతున్నావు గనుక అంత పాతదిగా నాకు తోచడం లేదు. పుటను వెలుగుకెదురుగా ఉంచి చూస్తే కాగితపు మిల్లు నీటిగుర్తు కనిపించవచ్చు. అది దొరికితే పుస్తకం ఆ మిల్లు పుట్టిన తరవాతిదేనని తేలుతుంది. అంతకన్నా గట్టి సాక్ష్యం లోపలి తేదీలే. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి ‘యువ’ అని ఉంటే అది 1935–36 కావచ్చు, 1875–76 కూడా కావచ్చు. పక్కనే ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది, 1345 అని ఉంటే సందేహం తీరుతుంది, ఎందుకంటే మద్రాసు లెక్కలో ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ ఏ ఏడాది జూలైలో మొదలైందో వస్తుంది. ఫసలీ లేకపోయినా, పిల్లల పుట్టుక రాసుకున్న చోట మాసం, తిథి, వారం, సూర్యోదయం నుంచి లెక్కించిన ఘడియలు సాధారణంగా ఉంటాయి; ఆ తిథి, ఆ వారం ఏ ఏడాది కలిశాయో పాత పంచాంగంలో చూస్తే అరవై ఏళ్ళ చిక్కు విడిపోతుంది.

మన సరిహద్దు ఇళ్ళ పుస్తకాల్లో మరొక చిక్కు అంకం. పూరీ గజపతి రాజుల పాలనను లెక్కించే ఈ పద్ధతిలో భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, అంటే సునియా నాడు, అంకం మారుతుంది. ఒకటినీ, ఆరుతో ముగిసే సంఖ్యలనూ, పది తప్ప సున్నతో ముగిసేవాటినీ వదిలేస్తారు. అందుచేత 17వ అంకమంటే పాలనలో పద్నాలుగో ఏడే అవుతుంది. కాగితం మీద ఎక్కడైనా మద్రాసు ప్రభుత్వపు ముద్ర కనిపిస్తే అది 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన వైపు మద్రాసు నుంచి విడిపోక ముందటిదని అనుకోవచ్చు. రూపాయలు, అణాలు, పైసల లెక్క కనిపిస్తే మాత్రం 1957 నాటి కొత్త పైసలకు ముందుదని తొందరపడి తేల్చవద్దు, ఆడవాళ్ళ ఇంటి లెక్కల్లో అణాలు ఆ తరవాత కూడా నిలిచాయి.

చేతిరాతను బట్టి వయసు కట్టడం నాకు అంతగా నమ్మకం లేని పని. రెండు నిలువు గీతలు రెండు కాళ్ళనీ (కాలంటే పావు), అడ్డగీతలు వీసాలనీ (వీసమంటే పదహారో వంతు), ‘ధమ౯ము’లో కనిపించేది తొమ్మిది కాదు, ‘ర్’కు బదులు రాసే వలపలగిలక అనీ తెలుసుకుంటే చదవడం సులువవుతుంది, అంతే. పాత బడిపంతులు దగ్గర దిద్దిన చెయ్యి చివరిదాకా పాత రాతే రాస్తుంది. మధ్యలో గొలుసుకట్టుగా ఒడియా అక్షరాలు వస్తే అది కరణాలు రాసే కరణి లిపి కావచ్చు, భువనేశ్వర్‌లో ఒడిశా రాష్ట్ర మ్యూజియం వారిని అడగవచ్చు. తెలుగు అక్షరాల్లోనే ఉండి అర్థంకాని మాటలు కనిపిస్తే పిచ్చిరాతలని కొట్టేయకు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే ఉండి సవర అనే గిరిజన భాషను తెలుగు లిపిలో రాశారు. మూలికల పేర్లున్న పుటల్లో సవర మాటలు దొరకడం మన వైపు వింతేమీ కాదు.

సిరా సంగతి జాగ్రత్తగా చూడు. మాచికాయ, అన్నభేది కలిపి కాచిన సిరా గోధుమరంగుకు తిరిగి, రాత ఉన్న చోటే కాగితాన్ని తినేస్తుంది. అటువంటి పుటలను వేగంగా తిప్పితే అక్షరాలే రాలిపోతాయి. దీపపు మసితో చేసిన సిరా వెలవదు గాని తడి తగిలితే చెదురుతుంది. ఊదారంగు కాపీయింగు పెన్సిలు రాతకైతే నీటిచుక్క తగిలినా ప్రమాదమే. కాబట్టి తడిగుడ్డ పనికిరాదు. మెత్తని పొడి కుంచెతో, వెన్ను నుంచి అంచు వైపు, దుమ్ము మాత్రం తుడువు. తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారని ఎవరో చెబితే కాగితానికి రాసేవు సుమా, ఆ వైద్యం తాటాకుకే చెల్లుతుంది. పుటల మధ్య రసీదులు, పోస్టుకార్డులు, ఎండిన ఆకులు ఏవి ఉన్నా, అవి ఉన్న చోటే ముందు ఫొటో తీసి, ఏ రెండు పుటల మధ్యవో చీటీ రాసి, ఆ తరవాతే వేరే కవరులో పెట్టు.

దేవుడి గది నాకు సమ్మతం కాదు. దీపం మసి, అగరుబత్తి పొగ, నూనె చేతులు అక్కడే. వసంత పంచమికి పుస్తకాన్ని పూజలో పెట్టాలని మీ అమ్మ పట్టుబడితే పసుపు, కుంకుమ చుట్టిన గుడ్డకు కాదు, పీటకు పెట్టమను. గంజి పెట్టని ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ఆమ్లం లేని కాగితపు పెట్టెలో పడుకోబెట్టి, బయటి గోడకు ఆనని బీరువాలో నడిమి అరలో ఉంచు. వేపాకు బాగా ఎండబెట్టి గుడ్డమూటగా పక్కన పెట్టవచ్చు, పుటల మధ్య పెడితే మరక పడుతుంది. తుపాను కాలానికి ముందు ఒకసారి విప్పి చూడు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినవి, రెండూ అక్టోబరులోనే. ఒకవేళ తడిస్తే ఎండలో పెట్టవద్దు, అతుక్కున్న పుటలను విడదీయవద్దు. నీడలో ఫ్యాను గాలికి నిలబెట్టి, అట్టల లోపల పొడి కాగితం మారుస్తూ ఆరబెట్టు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది.

అమెరికాలోని మీ అన్నయ్య పుస్తకాన్ని తనకు పంపమంటున్నాడట. సాహిత్య, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్ళు దాటిన రాతప్రతిని 1972 నాటి చట్టం పురావస్తువుగా లెక్కిస్తుంది, అటువంటిదాన్ని ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. వయసు, విలువ తేలేదాకా పుస్తకం కదలనక్కరలేదు, అతనికి ఫొటోలు చాలు. ఖాళీ పుటలు, అట్టలు సహా వరసగా, కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పక్కన ఒక స్కేలు పెట్టి తీసి, రెండు వేరు వేరు చోట్ల దాచు. పుస్తకాన్ని సగానికి మించి తెరవకు, వెన్ను కింద రెండు వైపులా మెత్తని గుడ్డ మడతలు పెట్టు.

నాకు ముందుగా అట్ట, మొదటి నాలుగు పుటలు, పుట్టుకలు రాసిన పుట, వెలుగుకెదురుగా తీసిన ఒక పుట ఫొటోలు పంపు. నా దగ్గరున్న పాత పంచాంగాలు తీసి ఉంచుతాను.

ఇట్లు
మీ మేనమామ