కుండీకి సెన్సర్ పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బాల్కనీలోని కుండీలకు తేమ సెన్సర్లు అమర్చి, మట్టి ఆరగానే చిన్న పంపు దానంతటదే నీళ్లు పోసేలా ఏర్పాటు చేయాలనుకుంటున్నట్టు రాశావు. పని మంచిదే, నీకు చేతనైనదే. అయితే పంపును ప్రస్తుతానికి పక్కన పెట్టమని నా మాట. సెన్సర్ చూపే అంకెకు నీ కుండీలో, నీ మట్టిలో అర్థమేమిటో తేల్చుకోకుండా నీళ్ల పెత్తనం దానికి అప్పగిస్తే, ఎండి చచ్చే మొక్కల కంటే వేరు కుళ్లి చచ్చే మొక్కలే ఎక్కువవుతాయి.

బోర్డు విషయంలో ఎక్కువ ఆలోచించవద్దు. పెద్ద రాస్ప్‌బెర్రీ పై, అంటే ఆ చిన్న కంప్యూటర్ బోర్డులో, అనలాగ్ వోల్టేజీని (కొద్దికొద్దిగా హెచ్చుతగ్గులయ్యే వోల్టేజీని) నేరుగా చదివే పిన్ను లేదు కాబట్టి, దానికి ఆ వోల్టేజీని అంకెగా మార్చే ఎంసీపీ3008 వంటి చిప్పును మధ్యలో పెట్టవలసి వస్తుంది. 2022లో వచ్చిన దాని చిన్న బోర్డు పికో డబ్ల్యూలో అటువంటి పిన్నులు మూడు బయటికి ఉన్నాయి, వైఫై కూడా ఉంది, కనుక మూడు కుండీల వరకు అదే చాలు. సెన్సర్ మాత్రం చూసి కొను. రెండు పుల్లల ఫోర్కులా ఉండి అన్నిటికంటే చవకగా దొరికే రకం మట్టిలోంచి కరెంటు పంపి కొలుస్తుంది. ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచితే విద్యుద్విశ్లేషణ వల్ల దాని లోహపు పూత కొన్నాళ్లకే తినేసుకుపోతుంది. మట్టిలోకి కరెంటు పంపకుండా, అది విద్యుదావేశాన్ని ఎంత నిలుపుకోగలదో (కెపాసిటెన్స్) చూసి తేమ చెప్పే కెపాసిటివ్ రకం తీసుకో. ఆ నిలుపుదలను ఒక పదార్థం ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి దాదాపు 80, పొడి మట్టిది అందులో చిన్న భాగం మాత్రమే. ఈ తేడా వల్ల మారే కెపాసిటెన్స్‌ను అది వోల్టేజీగా చూపుతుంది, లోహం మట్టికి తగలదు.

దాని వైర్లు మూడే. ఎర్రదాన్ని 3.3 వోల్టులిచ్చే పికో 36వ పిన్నుకు, నల్లదాన్ని గ్రౌండుకు, సిగ్నల్ వైరును 31వ పిన్నుకు కలుపు. 40వ పిన్నులో 5 వోల్టులు వస్తాయి, పికో పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు, కాబట్టి అటు పోవద్దు. మట్టిలో గుచ్చకముందే సెన్సర్ పలక అంచులకు, పైనున్న చిప్పులకు నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి ఆరనివ్వు. పలక పైభాగానికి పూత ఉన్నా కత్తిరించిన అంచులు బోసిగా ఉంటాయి, నీరు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. ఆ తర్వాత పలకను దాని మీద ఉన్న గీత వరకు గ్లాసుడు నీళ్లలో ముంచి, తీసి, గుడ్డతో తుడిచి చూడు. అంకె వెంటనే మారితే సెన్సర్ మంచిదే. తాపీగా పాకుతూ మారితే తయారీలో లోపమున్నట్టే, తిరిగి ఇచ్చేయి. పొడిగా ఉన్నప్పుడు అంకె పెద్దదిగా, తడిసినప్పుడు చిన్నదిగా రావడం చూసి వైర్లు తారుమారయ్యాయని కంగారుపడవద్దు, దాని తీరే అంత.

ఇక అసలు పని. గాలిలో వచ్చిన అంకెను సున్నా శాతంగా, నీళ్లలో వచ్చినదాన్ని నూరు శాతంగా పెట్టుకోమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే నీ మొక్క గాలిలోనూ లేదు, గ్లాసులోనూ లేదు. ఎర్రమట్టిలో ఒక అంకె వస్తే, అంతే తడి ఉన్న కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు)లో వేరొకటి వస్తుంది. ఎరువు వేసిన వారం ఆ లవణాల వల్ల ఇంకొకటి రావచ్చు. అందుకని మనీ ప్లాంటు కుండీనే తీసుకుని, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోసి, కారడం ఆగాక వంటింటి తూకపు మిషన్ మీద పెట్టి బరువు, అంకె రెండూ రాసుకో. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు అలాగే చేయి. తగ్గిన ప్రతి గ్రామూ మట్టి వదిలిన నీరే కాబట్టి తూకం అబద్ధమాడదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చినా పొడిగా తగిలి, ఆకులు కాస్త వాలడం మొదలైన నాటి అంకె ఏదో, అదే ఆ కుండీకి నీళ్లు పోయవలసిన హద్దు. పక్క కుండీకి అది పనికిరాదు, దాని హద్దు దానికి విడిగా చూడాలి.

ఈ రోజుల్లో సెన్సర్‌ను కదపవద్దు. కోకోపీట్ ఆరినకొద్దీ కుంచించుకుపోయి పలక చుట్టూ సన్నని సందు ఏర్పడుతుంది. ఆ సందులో గాలి ఉంటే తడి మట్టినీ పొడి అంటుంది, పోసిన నీరు ఆ సందులోకే దిగితే పొడి మట్టినీ తడి అంటుంది. కుండీ అంచుకూ కాండానికీ నడుమ గుచ్చి, చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదిమి వదిలెయ్యి. చదివే ప్రతిసారీ పది పదిహేను రీడింగులు తీసుకుని వాటిలో మధ్యదాన్ని ఫైలులో రాయించు, సగటు కంటే అది నయం. అరగంటకొకసారి చదివితే చాలు. మట్టి నిమిషాల్లో ఆరదు.

తులసి కుండీ సంగతి వేరుగా చెప్పాలి. మీ అమ్మ పూజ వేళ రోజూ చెంబుడు నీళ్లు పోస్తుంది, మే నెల ఎండల్లో అవి చాలకపోవచ్చు కూడా, కానీ వానాకాలంలో, చలికాలంలో ఆ మట్టి ఆరే అవకాశమే ఉండదు. సెన్సర్ పెట్టి వారం రోజుల అంకెల గ్రాఫును తనకు చూపించు. నీళ్లు మానేయమని అనకు, అది తన నియమం. ఆ కాలాల్లో చెంబుకు బదులు ఉద్ధరిణితో పోయమని అడుగు, తప్పక ఒప్పుకుంటుంది.

మనీ ప్లాంటు కుండీ కనీసం రెండుసార్లు పూర్తిగా తడిసి ఆరేదాకా బరువు, అంకె, తేదీ, ఆ రోజు ఎండో మబ్బో రాసిన పట్టిక నాకు పంపు. రెండుసార్లూ హద్దు దాదాపు ఒకచోటే తేలితే పంపు గురించి, అది ఒక్కో విడతకు ఎన్ని మిల్లీలీటర్లకు ఆగాలో, అప్పుడు రాస్తాను.

ఇట్లు,
మామయ్య